బడి గుడ్డు ఆగింది.. పిల్లల పలహారం మాటేమిటి?

బడి పిల్లలకు వారానికో గుడ్డు పెట్టాలని 2023 నవంబరులో నిర్ణయించిన మహారాష్ట్ర ప్రభుత్వం, 2025 జనవరిలో నిధులు ఆపేసింది. కావాలంటే బడులే విరాళాలు సేకరించుకోవాలంది. తమిళనాడులో వారానికి ఐదు గుడ్లు పెడుతున్నారు. కర్ణాటకలో అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్ సాయంతో 2024లో ఆరు రోజులకు పెంచారు.

సోలాపూర్, భివండీల్లో మరమగ్గాలు, బీడీలపై బతికే మన ఇళ్లకు ఇది చిన్న కోత కాదు. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులు, బీ12 విటమిన్ ఉంటాయి. ఉప్మా, అటుకులతో కడుపు నిండినా ఇవి అంతగా అందవు. గుడ్డు తినే ఇళ్లలో పొద్దుటి పలహారంతో ఒకటి ఉడికించి పెడదాం. తిననివారు పాలు, పెసరట్టు పెట్టవచ్చు.

అయితే కొనలేని ఇంటి బిడ్డకు బడి గుడ్డే దిక్కు. అందుకే పాఠశాల యాజమాన్య కమిటీలో ఈ మాట మనమే ఎత్తాలి.