ఇజ్జత్‌తో ముంచారట!

ఇంప్లాకబుల్ అనే జంగీ జహాజు కథని ఇంగ్లిషు వాళ్లు షరాఫత్ కథగా చెప్పుకుంటారు. దుష్మన్ దగ్గర పట్టుకున్న ఓడని 144 ఏళ్లు తమ దగ్గర ఉంచుకుని, చివరికి రెండు దేశాల జెండాలు కట్టి, సలామ్ చేసి సముద్రానికి అప్పజెప్పారట. ఎంత ఇజ్జత్ అని మెచ్చుకునేవాళ్లు మనలోనూ ఉన్నారు. జనాబ్, నేను ఒప్పుకోను. అమానత్‌ని పాడుచేసి పైన జెండా కప్పితే అది ఇజ్జత్ అయిపోదు.

హిసాబ్ మొదటినుంచీ చూద్దాం. 1800లో ఫ్రాన్స్‌లోని రోష్‌ఫోర్‌లో 74 ఫిరంగుల ఓడగా నీళ్లలోకి దిగింది. దాని అసలు పేరు దుగే త్రుయాఁ. ఇంగ్లిషు ఓడల్ని పట్టుకోవడంలో మషూర్ అయిన ఒక ఫ్రెంచి నావికుడి పేరది. 1805 అక్టోబర్ 21న ట్రఫాల్గర్ జంగ్ నుంచి కలిసి తప్పించుకుపోయిన ఒక నాలుగు ఫ్రెంచి ఓడల్లో ఇదొకటి. రెండు వారాలు తిరిగేసరికి, నవంబర్ 4న, స్పెయిన్ తీరం దగ్గర స్ట్రాకన్ దళానికి ఆ నాలుగూ చిక్కాయి. దీని కప్తాన్ తూఫే ఆ జంగ్‌లోనే చనిపోయాడు. గెలిచినవాళ్లు ముందు చేసిన పని పేరు మార్చడం. ఇంప్లాకబుల్ అంటే రహమ్ లేనిది అని.

ఆ తర్వాత పాత యజమాని దోస్తుల మీదా, ఎవరెవరి మీదో ఖిద్మత్ చేయించుకున్నారు. 1808లో బాల్టిక్ సముద్రంలో రష్యా ఓడ వ్సెవొలోద్ మీద ఫిరంగులు పేల్చింది. 1840లో మిస్ర్ పాలకుడు ముహమ్మద్ అలీ పాషా సేనల మీద నడిచిన జంగ్‌లో సిరియా తీరానికీ వెళ్లింది. "తెల్లోళ్ల ఓడతో మనకేం పని భాయ్" అనేవాళ్లు ఈ ముక్క గుర్తుంచుకోవాలి. 1855 నుంచి డెవన్‌పోర్ట్‌లో కుర్రాళ్లకి తాలీమ్ ఇచ్చే ఓడ అయింది. 1912లో వీట్లీ కాబ్ అనే షౌకీన్ మనిషి దాన్ని చేతుల్లోకి తీసుకున్నాడు కాబట్టి ఇంకొన్నాళ్లు బతికింది.

రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక పైసల్లేవు, కలప లేదు, అడుగు భాగం పుచ్చిపోయింది అన్నారు. నిజమే, ఆ రోజుల్లో లండన్‌లో రేషన్ నడుస్తోంది. కానీ పుచ్చడం ఒక్క రాత్రిలో జరగదు కదా! సల్తనత్ ఖజానా నిండుగా ఉన్న దశాబ్దాల్లో ఏం చేశారు? ట్రఫాల్గర్ చూసిన ఓడల్లో అప్పటికి నెల్సన్ ఎక్కిన విక్టరీ, ఇదీ మాత్రమే మిగిలాయి. విక్టరీని 1922లోనే డాక్‌లో పెట్టి కాపాడుకున్నారు. తమ ఫతే గుర్తుకి దొరికిన ఖర్చు, ఓడినవాడి గుర్తుకి దొరకలేదు. నా ఇల్జామ్ ఇదే.

1949 డిసెంబర్ 2న దాన్ని పోర్ట్స్‌మౌత్ నుంచి లాక్కెళ్లి బారూదు పెట్టి పేల్చారు. అడుగు ఊడిపోయినా పై భాగం వెంటనే మునగలేదు, చాలాసేపు నీటి మీదే తేలింది. పుచ్చిపోయిందన్న ఓడ ఇచ్చిన జవాబు అది. దాని వెనక భాగపు చెక్కడపు పని ఇప్పుడు గ్రీనిచ్ మ్యూజియంలో ఉంది. శరీరాన్ని ముంచి ముఖాన్ని దాచుకున్నారు.

కాపాడటం ముమ్‌కిన్ కాదనేవాళ్లకి ట్రింకోమలీని చూపిస్తాను. బొంబాయిలో వాడియాలు టేకుతో కట్టి 1817లో నీళ్లలోకి దింపిన ఓడ. పోర్ట్స్‌మౌత్‌లో ఇంప్లాకబుల్ పక్కనే ఉండేది. నియ్యత్ కుదిరాక ఏళ్ల తరబడి మరమ్మతు చేశారు, ఇప్పుడు హార్టిల్‌పూల్‌లో నీళ్ల మీదే ఉంది. పాత ఓడల్ని కాపాడే వరల్డ్ షిప్ ట్రస్ట్ అయితే "ఇంప్లాకబుల్ మళ్లీ జరగకూడదు" అన్న మాటనే తన నినాదం చేసుకుంది. అంటే గల్తీ అని వాళ్లలోనే కొందరు ఒప్పుకున్నారు. మనమెందుకు ఇంకా తారీఫ్ చెయ్యాలి?

దాదాగారి సందూకులో ఉర్దూ కాగితాల్ని చెదలకి వదిలేసి, ఆయన బర్సీకి పెద్ద తఖ్రీర్ ఇచ్చే ఇళ్లు మన మధ్య ఎన్ని లేవు? బతికి ఉన్నప్పుడు చేసేదే ఖిద్మత్. సందూకు ఇవాళే తెరవండి.