ఆదివారం ఎవరికి సెలవు?

డిసెంబరు వచ్చిందంటే మా పాస్టర్ల నోట ఒక మాట నలుగుతూ ఉంటుంది: 'ఏడాదికోసారి క్రైస్తవులు'. క్రిస్మస్ తెల్లవారుజామున గుడి నిండి, వరండా నిండి, జనం షామియానా దాటి రోడ్డు మీద నిలబడినప్పుడు మైకు ముందున్న మనిషికి నోరు ఊరుకోదు. 'వీళ్లంతా పోయిన ఆదివారం ఏమైపోయారో!' అంటాం. ముందు వరస నవ్వుతుంది. వెనక వరస తల దించుకుంటుంది. అంతటితో ఆగం. కొత్త బట్టల కోసం, బిర్యానీ కోసం వచ్చే నామకార్థులని ముద్ర కూడా వేస్తాం. సంఘ పెద్దలదీ ఇదే అభిప్రాయం, వారం వారం వచ్చే విశ్వాసులదీ ఇదే. ప్రకాశం జిల్లాలో ఒక పల్లె సంఘానికి ఇరవై రెండేళ్లుగా కాపరిని. నేనూ ఈ మాట అన్నవాణ్ణే. ఆ మాట తప్పు. తప్పే కాదు, అన్యాయం.

ఎనిమిదేళ్ల కిందట క్రిస్మస్ ప్రసంగంలో ఈ ఎత్తిపొడుపు బాగానే పండింది. ఆ సాయంత్రం ఒకాయన మా ఇంటికి వచ్చాడు. యాభై దాటిన మనిషి, హైదరాబాదులో ఒక అపార్ట్‌మెంటుకి వాచ్‌మన్. చెప్పులు గుమ్మం బయట విడిచాడు. కుర్చీ వేసినా కూర్చోలేదు. "వందనాలు అయ్యగారూ, రాత్రి బస్సుకి పోతన్నా, ప్రార్థన చేయండి" అన్నాడు. చేశాను. జేబులోంచి తాళాల గుత్తి తీసి చూపించి నవ్వాడు. "మోటారు గది తాళాలు నాతోనే వచ్చేసినయ్యి. అక్కడ కంగారు పడతా ఉంటారు." గుమ్మం దాటబోతూ ఆగి, నా ముఖం చూడకుండా అన్నాడు: "ఆదివారం పొద్దున ట్యాంకరు వస్తది అయ్యగారూ. పైపు పట్టుకోవాల. ఆ తర్వాత కార్లు తుడవాల. మిగతా రోజులంటే అందరూ ఆఫీసులకి పోతారు, ఆదివారం ఇళ్లలోనే ఉంటారు గదా."

ఫిర్యాదు చేయలేదు, సంజాయిషీ చెప్పలేదు. పొద్దున నేను మైకులో అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పాడు, అంతే.

మనం ఆదివారాన్ని దేవుడిచ్చిన సెలవు అంటాం. అది ఎవరికి సెలవు? బడి పంతులుకి, బ్యాంకు ఉద్యోగికి. అపార్ట్‌మెంటు వాచ్‌మన్‌కి ఆ రోజు పని ఎక్కువ. ఇళ్లలో పాచిపని చేసే ఆడకూతురికి ఆ రోజు చుట్టాల గిన్నెలు అదనం. హోటల్లో సప్లయరుకి ఆ రోజే రద్దీ. పత్తి తీతకు, మిరప కోతకు ముఠా కట్టుకుపోయిన వాళ్లకు వారాలు ఉండవు, పైరు ఉంటుంది. ఆదివారం ముందు వరసలో ఉన్నవాళ్లందరికీ భక్తి ఎక్కువని, రానివాళ్లందరికీ తక్కువని ఎలా తేలుస్తాం? హాజరుపట్టీ భక్తిని కొలవదు. ఎవరికి సెలవుందో, ఎవరికి లేదో చెబుతుంది.

దీనికి మా పెద్దలు ఒక గట్టి జవాబు చెబుతారు. 'మన తాతలకు మాత్రం సెలవు ఎవరిచ్చారు? వాళ్లు ఆదివారం పనికి పోమని ఆసాముల ముందు నిలబడలేదా?' అంటారు. నిజం. ఒంగోలు మిషన్ తొలినాళ్లలో విశ్వాసంలోకి వచ్చిన మాదిగ కుటుంబాలు ఆదివారం పని మానినందుకు, జాతరలో డప్పు కొట్టనన్నందుకు దెబ్బలు తిన్నాయి. ఆ చరిత్ర మాకు గర్వకారణం. కానీ దాన్ని సగమే చదువుతున్నాం. ఆనాడు పనికి పోనన్నది ఒక్క మనిషి కాదు, పల్లె. పల్లె పల్లెంతా మానేస్తే ఆసామి చెప్పులు కుట్టేవాడెవరు, కోత కోసేవాడెవరు? నగరంలో ఒంటరిగా గేటు దగ్గర నిలబడ్డ మనిషి 'ఆదివారం రాను' అంటే సోమవారానికి ఆ కుర్చీలో ఇంకొకడుంటాడు. తాతల వెనక పల్లె ఉంది. మనవడి వెనక ఎవరున్నారు? అతని వెనక నిలబడాల్సిన సంఘం మైకు పట్టుకుని అతన్నే దెప్పుతోంది.

'తిండి కోసం వచ్చారు' అనే నింద కూడా కొత్తది కాదు. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్న వేలమందికి కూలి చూపించాడు. గంజి కోసం మతం పుచ్చుకున్నారన్న మాట పడకూడదని కరువు కాలమంతా బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు పని ముగిశాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అయినా 'కూటి క్రైస్తవులు' అన్న పేరు ఊళ్లు వదల్లేదు. ఆనాడు బయటివాళ్లు మన తాతలను అన్నమాటే ఈనాడు ప్రసంగపీఠం ఎక్కి మనం మనవళ్లను అంటున్నాం.

ఇంకో సంగతి గుడిలో ఎవరూ పైకి మాట్లాడరు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడికి షెడ్యూల్డు కులం హోదా ఉండదు. 1956లో సిక్కు దళితులకు, 1990లో బౌద్ధ దళితులకు ఆ హోదా దక్కింది. దళిత క్రైస్తవులకు మన దగ్గర మిగిలింది బీసీ-సీ కింద ఒక్క శాతం రిజర్వేషను. పిల్లవాడి సీటుకీ తన విశ్వాసానికీ మధ్య నలిగే తండ్రి రిజిస్టరులో పేరు రాయించడానికి జంకుతాడు, ప్రతివారం గుడి మెట్ల మీద కనపడటానికి జంకుతాడు. పండగనాడు ఊరంతా వచ్చే గుంపులో మాత్రం ధైర్యంగా వస్తాడు. అతని భయం సరైనదా కాదా అని వాదించుకోవచ్చు. ఆ భయాన్ని చూసి నవ్వడం కాపరి పని కాదు.

అసలు విచిత్రం మన చందాల పుస్తకంలో ఉంది. నవంబరు రాగానే హైదరాబాదుకి, బెంగళూరుకి, కువైట్‌కి ఫోన్లు చేసేది మనమే. షామియానాకి ఒకరు, లైటింగుకి ఒకరు, భోజనాలకు ఇద్దరు. రసీదు మీద వాళ్లు 'ప్రియ సహోదరులు'. ప్రసంగంలోకి వచ్చేసరికి 'నామకార్థులు'. డబ్బు పంపేటప్పుడు మనవాళ్లయినవాళ్లు బస్సు దిగేసరికి పరాయివాళ్లు ఎలా అయ్యారు?

వాక్యం తెలియక అంటున్నామా అంటే, ఏటా ఇదే రోజు చదివే వాక్యమే మనకు ఎదురు తిరుగుతుంది. పశువుల తొట్టె దగ్గరికి మొదట వచ్చింది గొర్రెల కాపరులు, అంటే రాత్రి కాపలా ఉద్యోగులు. ఒక్కసారి వచ్చారు, చూశారు, మళ్లీ మందల దగ్గరికి వెళ్లిపోయారు. ఆ తర్వాత సువార్తల్లో వాళ్ల జాడ లేదు. తూర్పు జ్ఞానులూ అంతే, కానుకలిచ్చి వేరే దారిన ఊరికి పోయారు. మన కొలత పెడితే తొలి క్రిస్మస్‌కు వచ్చినవాళ్లంతా నామకార్థులే.

వారం వారం వచ్చేవాళ్ల కష్టాన్ని నేను తక్కువ చేయడం లేదు. గుడి ఊడ్చేది, కరెంటు బిల్లు కట్టేది, ఆసుపత్రిలో పడ్డవాడి పక్కన రాత్రంతా కూర్చునేది వాళ్లే. వాళ్లను మెచ్చుకోవడానికి ఇంకొకరిని కించపరచనక్కర్లేదు. తీరిక ఉండీ సెంటర్లో టీ బంకు దగ్గర ఆదివారం గడిపేవాళ్లు ఉన్న మాటా నిజమే. వాళ్ల ఇంటికి వెళ్లి, ఎదురుగా కూర్చుని చెప్పాలి. మైకులో చెబితే ఆ మాట తగిలేది ట్యాంకరు పైపు పట్టుకున్నవాడికి.

ఆ వాచ్‌మన్ వెళ్లాక నాకు సిగ్గు తెచ్చిన లెక్క ఒకటుంది. మా సంఘంలో అప్పట్లో ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షరసం పంచుకునే సంస్కారం) ఇచ్చేది నెల మొదటి ఆదివారమే. క్రిస్మస్‌కు మాత్రమే రాగలిగిన మనిషికి ఇరవై ఐదున ప్రసంగం దొరికేది, భోజనం దొరికేది. బల్ల దొరికేది కాదు. ఆ వాచ్‌మన్ బాప్తిస్మం తీసుకున్న సభ్యుడే, అయినా ఎన్నేళ్లు రొట్టె ముట్టలేదో నేను అడగలేదు. క్రిస్మస్‌నాడు కూడా బల్ల ఇద్దామని పెద్దలతో రెండేళ్లు వాదించాను. సిద్ధపాటు లేనివాళ్లకు బల్ల ఏమిటన్నారు. రాత్రంతా బస్సులో కూర్చుని వచ్చినవాడి సిద్ధపాటును ఏ.సి. గదిలో లేచి వచ్చినవాడి సిద్ధపాటుతో తూచే తక్కెడ నా దగ్గర లేదన్నాను. చివరికి ఒప్పుకున్నారు.

తోటి పాస్టర్లకు నా మనవి ఒకటే. ఈ క్రిస్మస్‌కు ఆ ఒక్క వాక్యం ప్రసంగంలోంచి తీసేయండి. అడగాలనిపిస్తే 'ఇన్నాళ్లూ ఎక్కడున్నావు' అనకండి, 'మళ్లీ బస్సు ఎన్నింటికి' అని అడగండి. వీలైతే ఆ తెల్లవారుజామునే బల్ల పెట్టండి. మేము పెట్టిన మొదటి ఏడాది సంస్కారపు గ్లాసులు చాల్లేదు. కడిగి, మళ్లీ నింపి ఇచ్చాం.