చేతిలో సీటు, మనసులో సీటు

పామర్రు నుంచి ఒక తల్లి నాలుగు పేజీల ఉత్తరం వ్రాశారు. సారాంశం ఇది. అమ్మాయికి ఎప్‌సెట్‌లో మంచి ర్యాంకే వచ్చింది. కాకినాడ జె.ఎన్.టి.యు.లో కంప్యూటర్ సైన్సు చదవాలని ఇంటరు మొదటి సంవత్సరం నుంచీ ఆశ పెట్టుకుంది. మొదటి విడత కౌన్సెలింగులో అది రాలేదు. గుడ్లవల్లేరులో ఎలక్ట్రానిక్సు వచ్చింది. నిరుడు కాకినాడలో ఆఖరి సీటు దక్కిన ర్యాంకుకీ, ఈ పిల్ల ర్యాంకుకీ తేడా కొంచెమే. "పిల్ల రెండు రోజులుగా సరిగా అన్నం తినడం లేదు. వాళ్ళ పెదనాన్నగారు ఈ సీటు వదిలేసి ఏడాది కోచింగు ఇప్పించమంటున్నారు. ఇంకొకాయన పైనుంచి చెప్పించి సీటు ఇప్పిస్తానంటున్నాడు. మావారు ఏ సంగతీ తేల్చరు. ఏం చెయ్యమంటారు?" అని అడిగారు.

ఇటువంటి ఉత్తరాలు ఏటా ఈ రోజుల్లో వస్తూనే వుంటాయి. అందుచేత ఆమె ఒక్కరికే కాక, నలుగురికీ పనికివచ్చేటట్టు వ్రాస్తున్నాను.

ముందు పెదనాన్నగారి మాట. ఆయన పిల్ల మీద ప్రేమతోనే చెప్పివుంటారు, కాని అది వినవద్దు. చేతిలో వున్న సీటు వదలకుండానే మనసులో వున్న సీటు కోసం ప్రయత్నించే దారి వున్నప్పుడు, వదులుకోవడం ఎందుకు? గడువు లోపల వెబ్‌సైటులో సెల్ఫ్ రిపోర్టింగు చెయ్యండి, గుడ్లవల్లేరు వెళ్ళి కాలేజీలోనూ రిపోర్టు చెయ్యండి. రెండూ చెయ్యాలి. ఒకటి చేసి రెండోది మరిచిపోయి, ఉన్న సీటు పోగొట్టుకున్న పిల్లలున్నారు.

మీది కృష్ణ కాలవ కింద ఊరు. ఎగువ మళ్ళు తడిసి, అక్కడి తూములు దించితే గాని శివారు పొలానికి నీళ్ళు రావని మీకు నేను చెప్పనక్కరలేదు. సీటూ అంతే. మీ అమ్మాయికన్న మంచి ర్యాంకు వచ్చి, కాకినాడ సీటు తీసుకున్న వాళ్ళలో కొందరికి ఐ.ఐ.టి.లోనో, తాడేపల్లిగూడెం నిట్‌లోనో సీటు ఖాయమవుతుంది. కొందరు ప్రైవేటు యూనివర్సిటీలకు పోతారు. కొందరు రిపోర్టే చెయ్యరు. వాళ్ళు వదిలిన సీట్లు రెండో విడతలో కిందికి వస్తాయి. వెయిటింగు లిస్టు అని పేరు పెట్టి ఎవరూ కాగితం ఇవ్వకపోయినా, జరిగేది అదే.

ఇక అసలు కిటుకంతా రెండో విడత ఆప్షన్లు ఇవ్వడంలో వుంది. మొదటి విడతలో ఇచ్చిన ఆప్షన్లు ఇప్పుడు చెల్లవు, కొత్తగా ఇవ్వాలి. ఇచ్చినవాటిలో ఏ ఒక్కటి వచ్చినా పాత సీటు దానంతటదే రద్దయి ఇంకొకరికి పోతుంది. "నాకు పాతదే కావాలి" అంటే వినేవారుండరు. మొదటి విడతలో ఎన్ని ఎక్కువ ఆప్షన్లు పెడితే అంత మంచిదని చెబుతారు, అది నిజమే. రెండో విడతలోనూ అదే అలవాటున ముప్ఫయ్యో నలభయ్యో నింపుతారు. ఆ నింపడంలో ఎక్కడో దూరాన, పేరు కూడా సరిగా తెలియని కాలేజీలో కంప్యూటర్ సైన్సు వుంటుంది. యంత్రం దాన్ని ఇచ్చేస్తుంది. గుడ్లవల్లేరు పోతుంది, కాకినాడ రాదు.

కాబట్టి ప్రతి ఆప్షనుకీ ముందు అమ్మాయిని ఒక్క మాట అడగండి: "ఇది వస్తే గుడ్లవల్లేరు సంతోషంగా వదులుతావా?" అవునంటేనే పెట్టండి. ఏమో అంటే వద్దు. అలా జల్లెడ పడితే నాలుగైదు మిగలవచ్చు, ఒక్కటే మిగలవచ్చు. ఫరవాలేదు. అవేవీ రాకపోతే చేతిలో వున్నది ఎక్కడికీ పోదు.

నిరుటి ఆఖరి ర్యాంకు సంగతి. కాలేజీవారీగా, బ్రాంచివారీగా ఆఖరి ర్యాంకుల పట్టికలు సాంకేతిక విద్యాశాఖ వారు వెబ్‌సైటులో పెడతారు. ఆ పట్టికలో చాలా గడులుంటాయి. అమ్మాయిలకు మూడో వంతు సీట్లు ప్రత్యేకించి వున్నాయి గనుక అమ్మాయిల గడి వేరు, అబ్బాయిల గడి వేరు. రిజర్వేషను వర్గాలవారీగా మళ్ళీ వేరు. మీరు చూసింది ఏ గడో మీ ఉత్తరంలో లేదు. అది మొదటి విడత పట్టికా, ఆఖరి విడత పట్టికా అన్నది కూడా చూడండి. అబ్బాయిల గడి చూసి ఏడుస్తున్న ఆడపిల్లలు నాకు తెలుసు!

ఆప్షన్లు నెట్ సెంటరులో పెట్టిస్తున్నట్టు వ్రాశారు. పెట్టించండి, తప్పు లేదు. కాని ఫోను నంబరు మీదే వుండాలి. పాస్‌వర్డు, ఓటీపీ అమ్మాయి దగ్గరే వుండాలి. ఆఖరున అచ్చు తీయించి, వరస సరిగా వుందో లేదో పిల్ల స్వయంగా చదువుకోవాలి. కాలేజీ కోడు ఒక్క అక్షరం తేడా వస్తే ఊరే మారిపోతుంది. మార్చుకోవడానికి ఇచ్చే గడువు చాలా తక్కువ.

పైనుంచి చెప్పిస్తానన్న ఆయనకు కాఫీ ఇచ్చి పంపించెయ్యండి. కన్వీనరు సీటు ర్యాంకునీ, రిజర్వేషనునీ, ఆప్షన్ల వరసనీ బట్టి వచ్చేది. అందులో సిఫారసుకి చోటు లేదు. డబ్బు అడిగితే మీ వారిని పిలవండి, ఆ పాటి సంగతైనా ఆయన తేలుస్తారు.

అమెరికాలో వున్న మీ చెల్లెలుగారు, "కాలేజీకి ఒక మంచి ఉత్తరం వ్రాయించు, ఇక్కడ అలాగే చేస్తారు" అన్నారట. ఆవిడ చెప్పింది అక్కడి మాటగా నిజమే. అక్కడ వెయిటింగు లిస్టులో వున్న పిల్లలు, తర్వాత వచ్చిన మార్కులు తెలుపుతూ, సీటిస్తే తప్పక చేరతామని కాలేజీకి వ్రాసుకుంటారు. ఆ ఉత్తరాన్ని మనుషులు చదువుతారు. అయితే అక్కడ కూడా మే 1వ తేదీ లోపల ఇంకో కాలేజీలో డబ్బు కట్టి చోటు ఉంచుకునే ఎదురుచూస్తారు. ఆ సగం మాట మనకీ పనికివస్తుంది.

ఈలోగా ఏదో ప్రైవేటు యూనివర్సిటీలో కూడా డబ్బు కట్టాలా అని అడిగారు. మీ పరిస్థితిలో అవసరం లేదు. ఇప్పటికే కట్టినవారికి మాత్రం ఒక మాట: సీటు వదులుకున్న వారికి ఫీజు ఎంత తిరిగి ఇవ్వాలో, విద్యార్థుల ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలు దగ్గర పెట్టుకోకూడదనీ యు.జి.సి. 2018 అక్టోబరులో నిబంధనలు ఇచ్చింది. వదులుకునే సంగతి వ్రాతపూర్వకంగా, తేదీ వేసి ఇవ్వండి, నకలు దాచుకోండి.

విడతలన్నీ అయ్యాక మిగిలిన సీట్లను కాలేజీలు స్పాట్ అడ్మిషన్లలో నింపుతాయి. అక్కడ అనుకున్న బ్రాంచి దొరుకుతుందని పరుగెత్తేముందు, ఆ సీటుకి ప్రభుత్వం ఇచ్చే ఫీజు రీయింబర్స్‌మెంటు వర్తించదని గుర్తుంచుకోండి. యాజమాన్యపు కోటాకీ అంతే. నాలుగేళ్ళ ఫీజు చేతినుంచి కట్టాలి. రెండెకరాల మాగాణి మీద వచ్చే ఆదాయంతో ఇంకో పిల్లవాణ్ణి కూడా చదివించవలసినవారు ఆ లెక్క ముందే వేసుకోవాలి.

ఇక రెండో విడతలోనూ కాకినాడ రాకపోతే? ఎలక్ట్రానిక్సు చదువుతూనే అదనంగా కొన్ని క్రెడిట్లు చేసి, కంప్యూటర్ సైన్సులో మైనర్ డిగ్రీ తీసుకునే వీలు చాలా కాలేజీల్లో వుంది. ఆ కాలేజీలో వుందో లేదో రిపోర్టు చెయ్యడానికి వెళ్ళిన రోజే అడగండి. నాలుగేళ్ళ తర్వాత గేట్ పరీక్షలో కంప్యూటర్ సైన్సు పేపరే వ్రాయవచ్చు. ఎలక్ట్రానిక్సు వాళ్ళకి అడ్డు లేదు. ఏడాది కోచింగుకి పోతే మళ్ళీ అదే పరీక్ష, కొత్తగా వచ్చే పిల్లలతో పోటీ. ర్యాంకు పెరుగుతుందన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. పిల్లే పట్టుబట్టి అడిగితే వేరు సంగతి. మీ పిల్ల అడగలేదు, పెద్దలు అడుగుతున్నారు.

అమ్మాయి అన్నం మాటకి వస్తాను. "కొంచెంలో పోయింది" అన్న మాట ఇంట్లో ఎవరూ అనకండి. వచ్చేపోయే చుట్టాలు "ఎక్కడ వచ్చింది?" అంటే, "గుడ్లవల్లేరులో ఎలక్ట్రానిక్సు" అని మీరే ముందు గట్టిగా చెప్పండి. తల్లి గొంతులో చిన్నతనం వినపడితే పిల్ల కంచం ముందు నుంచి లేచిపోతుంది. రిపోర్టు చెయ్యడానికి వెళ్ళినప్పుడు తండ్రిని కాదు, తననే ముందు నడవనివ్వండి. లేబొరేటరీ చూపించమని అడగనివ్వండి. పామర్రు నుంచి గుడివాడ మీదుగా బస్సులో వెళ్ళిరాగల దూరమే కనుక, హాస్టలు గొడవ ఇప్పుడే పెట్టుకోవద్దు. రెండో విడత ఫలితం వచ్చాక చూసుకోవచ్చు.

సర్టిఫికెట్ల నకళ్ళు మాత్రం ఈ రాత్రే మూడు కట్టలు కట్టి పెట్టండి. ఆదాయపు సర్టిఫికెట్టు మీద తేదీ దాటిపోయిందేమో చూసి, దాటితే రేపు పొద్దున్నే మీసేవకి వెళ్ళండి.