ఒక్క ముద్ద: స్థూలకాయ శస్త్రచికిత్సయు, ఇంటివారి కర్తవ్యమును



గత మాసమున మేము పెదపారుపూడిలో బంధువుల యింటికి పోయియుంటిమి. ఆ యింటి కోడలు మాకు చెల్లెలి వరుస. విజయవాడలో బరువు తగ్గుటకై శస్త్రచికిత్స చేయించుకొని వచ్చి ఆమెకు నెల దినములైనది. చూడవచ్చిన చుట్టములలో ఒకామె బందరు లడ్డూల పొట్లము విప్పి, "చిక్కి సగమయ్యావే తల్లీ! ఒక్క ముక్క నోట్లో వేసుకో, ఏమీ కాదు" అని బలవంతపెట్టసాగెను. చెల్లెలు దిక్కుతోచక అత్తగారి వంక చూచెను. అత్తగారు మారుమాట లేక లేచి, పొట్లమును లోపల పెట్టి, వచ్చినవారికి మజ్జిగ తెచ్చి యిచ్చిరి. అప్పుడు ఆ కోడలి ముఖమున కనబడిన నిశ్చింతను మేము మరువజాలకున్నాము. ఈ మాసము దానిని గూర్చియే వ్రాయదలచితిమి.

స్థూలకాయము తిండిపోతుతనమునకు ఫలమని మనలో పలువురి నమ్మకము. ఇది పొరబాటు. వంశపు లక్షణము, శరీరములోని రసముల మార్పు, కాన్పులు, కొన్ని మందులు, నిద్రలేమి, ఇవన్నియు అందులో పాలుపంచుకొనును. మిక్కిలి బరువెక్కిన శరీరము తగ్గించిన తిండికి ఎదురుతిరిగి ఆకలిని హెచ్చించును. అందుచేతనే ఎన్ని పథ్యములు చేసినను పోయిన బరువు మరల వచ్చుచుండును. అట్టివారికి వైద్యులు చూపిన దారులలో నొకటి యీ చికిత్స. 1966లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయ వైద్యుడు ఎడ్వర్డు మేసను గ్యాస్ట్రిక్ బైపాస్ పద్ధతిని ఆరంభించెను. అందు జీర్ణకోశపు పైభాగమున చిన్న సంచివంటి దానిని వేరుచేసి ప్రేగునకు కలుపుదురు. నేడు హెచ్చుగా జరుగునది స్లీవ్ పద్ధతి. ఇందు జీర్ణకోశములో ముప్పాతికకు పైగా తీసివేయుదురు. ఆకలి పుట్టించు రసము కూడ దానితో తగ్గును. రెంటను మొదటి రెండేండ్లలో దేహపు బరువులో నాలుగవ వంతు మొదలు మూడవ వంతు వరకు తగ్గుట కద్దు.

ఇది అందముకొరకు చేయించుకొనునది కాదు. 2015 జూను నెలలో తెలుగు చలనచిత్రనటి ఆర్తీ అగర్వాల్ అమెరికాలో మరణించినప్పుడు, అంతకు కొన్ని వారముల ముందు ఆమె లైపోసక్షన్ చేయించుకొనెనని పత్రికలు వ్రాసినవి. నాటినుండి బరువునకు ఆపరేషను అనగానే మన యిండ్లలో ఆ మాటయే వచ్చుచున్నది. లైపోసక్షన్ అనగా చర్మము క్రింది క్రొవ్వును పీల్చివేయుట. మేము చెప్పునది వేరు. మధుమేహము, రక్తపుపోటు, నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చుట మున్నగు వ్యాధులను తగ్గించుట దీని ప్రయోజనము. స్వీడను దేశమున దీర్ఘకాలము జరిగి 2007లో ప్రకటింపబడిన పరిశోధనలో, శస్త్రచికిత్స పొందినవారియందు మరణములు తక్కువగా నుండెను.

ఇక ఎవరికి? బరువును కిలోలలో వేసి, ఎత్తును మీటర్లలో తీసి, దానిని దానితోనే గుణించి వచ్చినదానితో భాగింపగా వచ్చు సంఖ్యను బి.ఎం.ఐ. అందురు. 155 సెంటీమీటర్ల స్త్రీ 84 కిలోలున్నచో అది 35, 96 కిలోలున్నచో 40. 2022లో అంతర్జాతీయ వైద్యసంఘములు 35 దాటినవారికి ఈ చికిత్సను సూచింపవచ్చుననియు, ఆసియావారికి 27.5 నుండియే ఆలోచింపవచ్చుననియు చెప్పినవి. బీమావారి నిబంధనలు ఇంకను కఠినములు. కావున ముందే అడిగి తెలిసికొనుట మేలు.

మా చెల్లెలు మొదట ఈ సంగతిని దాచి, పిత్తాశయమున రాళ్లని ఇంట చెప్పదలచెనట. భర్తకు తప్ప ఎవరికిని తెలియదు. అత్తగారు ఎట్లో గ్రహించి, కోపపడక, "ఈసారి డాక్టరు దగ్గరకి నేనూ వస్తాను" అనిరి. అచ్చట ఆమె సూటిగా, "ప్రాణభయం ఉందా?" అని ప్రశ్నించిరి. వైద్యుడు లేదని బుకాయింపలేదు. అనుభవముగల చోట సుమారు వేయింటి కొక ప్రాణహాని యుండుననియు, రక్తస్రావము, కుట్టు కారుట జరుగవచ్చుననియు, వానిని ఎట్లు కనిపెట్టుదురో కూడ వివరించెను. "లేదంటే నమ్మేదాన్ని కాదు, ఉందన్నాడు కనుక నమ్మాను" అని ఆమె మాతో చెప్పిరి. వైద్యునికిని ఇంటివారికిని నడుమ నమ్మకము నిజమువలననే కుదురును. రోగియు తన పూర్వపు పథ్యములు, వాడు మందులు, మనసులోని దిగులు, ఏదియు దాపరాదు.

ఇంటికి వచ్చిన పిమ్మట పని మనది. మొదటి రెండు వారములు ద్రవములు, తరువాత మెత్తగా చేసినవి, ఆరు ఎనిమిది వారములకు మామూలు తిండి. పెసరకట్టు, పెరుగు, గ్రుడ్డు తెల్లసొన, తినువారికి ముల్లు తీసిన చేప, ఇట్టి మాంసకృత్తులు దినమునకు 60 గ్రాములకు తగ్గరాదు. అన్నముతోపాటు నీరు త్రాగరాదు, అరగంట ఆగవలయును. బైపాస్ అయినవారు తీపి తిన్నచో గుండెదడ, చెమట, కడుపునొప్పి, విరేచనములు కలుగవచ్చును. విటమినులు, ఇనుము, కాల్షియము, బి12 మాత్రలు జీవితాంతము మానరాదు. మందుల దుకాణమున నొప్పిమాత్రలు అడిగి తెచ్చి యీయకుడు. బైపాస్ అయిన కడుపున అవి పుండ్లు పుట్టించును. మధుమేహపు మందుల మోతాదు త్వరలోనే తగ్గింపవలసి రావచ్చును, కాని వైద్యుడే తగ్గింపవలయును. నాడి వేగము, జ్వరము, తీవ్రమైన కడుపునొప్పి, ఊపిరాడకుండుట, పిక్కవాపు, ఆగని వాంతులు, వీనిలో ఏది కనబడినను తెల్లవారి బస్సుకొరకు కూర్చుండరాదు. రాత్రియే ఎవరికి ఫోను చేయవలయునో ఆసుపత్రినుండి వచ్చునాడే వ్రాసి గోడకు అంటింపుడు.

పన్నెండు మొదలు పదునెనిమిది నెలలవరకు గర్భము ధరింపరాదు. బైపాస్ అయినవారికి గర్భనిరోధక మాత్రలు సరిగా పనిచేయకపోవచ్చును గనుక వేరు ఉపాయము అడుగుడు. మూడవ నెల మొదలు జుట్టు రాలుట కద్దు. సాధారణముగ మరల వచ్చును. "జుట్టంతా పోయింది, ఎందుకొచ్చిన ఆపరేషను" అను మాట ఆ దినములలో పుండుమీద కారము. కొందరికి మనసు క్రుంగుట కూడ కలదు. చిరకాలము తిండియే ఓదార్పైనవారికి ఆ ఓదార్పు పోయినప్పుడు మనుష్యుల తోడు కావలయును. దిగులు వారములు గడచినను తగ్గనిచో, ప్రాణము మీద విరక్తి మాటలు వచ్చినచో, ఆలసింపక వైద్యునికి చెప్పుడు.

మన కృష్ణాతీరపు ఇండ్లలో ప్రేమను ముద్దతో తెలుపుట తరతరముల ఆచారము. చాలుననిన చేతిలో ఇంకొక ముద్ద పెట్టనిదే తల్లికి తృప్తి లేదు. ఆ ఆచారమును నిందింపము. కాని ఈ రోగి "చాలు" అనినప్పుడు ఆ మాటను నమ్ముటయే ఆమెకు మనము పెట్టు ముద్ద. కొన్నియేండ్లకు కొంత బరువు మరల వచ్చినను, "చూశావా, చెప్పలేదూ!" అని దెప్పక, మరల వైద్యుని కడకు తోడు పోవుడు. ఆ అత్తగారు చెప్పిన మాటలు చాల లేవు. ఒక పొట్లమును లోపల పెట్టిరి, అంతే. అట్టి యింటిలో రోగి దాపరికము లేక కోలుకొనును.