స్విచ్చిపెట్టె మాటలు కొన్ని

ఇంట్లోనో కొట్టులోనో నెట్ ఆగిపోతే మెకానిక్కును పిలుస్తాం. అతడు వచ్చి, “పోర్టు పోయింది, ఐపీ రాలేదు, లూపు పడింది” అంటాడు. మనం తల ఊపుతాం. ఆ తల ఊపినందుకే ఒక్కొక్కసారి కొత్త పెట్టె ఖరీదు ఇచ్చుకోవలసి వస్తుంది. మన ఇళ్లలో మాట తెలుగు. వీధిలోకి వెళితే కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీయో. ఈ మాటలు మాత్రం ఎక్కడికి పోయినా ఇంగ్లీషువే. కాబట్టి ఒకసారి తెలుసుకుంటే ఏ ఊళ్లోనైనా పనికివస్తాయి.

ముందుగా స్విచ్చి. ఇది దీపం వేసే మీట కాదు సుమా! కంప్యూటర్లనూ, ప్రింటరునూ, కెమేరాలనూ తీగలతో ఒకచోట కలిపే చిన్న పెట్టె. తీగలు గుచ్చే రంధ్రాలను పోర్టులంటారు. రూటరు వేరు. స్విచ్చి ఇంటిలోని గదులను కలిపే వసారా అయితే, రూటరు వీధి వాకిలి. బయటి ఇంటర్నెట్టుకు దారి అదే.

ప్రతి యంత్రానికీ సాధారణంగా తయారీలోనే ఒక గుర్తు పెడతారు. దానిని మ్యాక్ అడ్రసు అంటారు. స్విచ్చి చూసేది దీనినే. కొత్తగా వచ్చిన పోస్టుమాను ఏ ఇంటి నుంచి ఎవరి ఉత్తరం వచ్చిందో గమనించి పేర్లు జ్ఞాపకం పెట్టుకున్నట్టు, ఏ పోర్టు నుంచి ఏ గుర్తు వచ్చిందో స్విచ్చి పట్టిక వేసుకుంటుంది. తరువాత ఆ పేరున వచ్చినది ఆ పోర్టుకే పంపుతుంది. పేరు తెలియకపోతేనే అన్ని పోర్టులకూ పంపుతుంది. పూర్వపు హబ్బు అనే పెట్టెకు ఈ తెలివి లేదు. ఎప్పుడూ అందరికీ పంపేది.

ఐపీ అడ్రసు అద్దెయింటి నంబరు వంటిది. ఇళ్లలో దానిని రూటరు ఇస్తుంది. ఇలా పంచే పద్ధతి పేరు డీహెచ్‌సీపీ. ఈ నంబరు తరచు 192.168తో మొదలవుతుంది. 169.254తో మొదలయిందంటే, ఇచ్చేవారు దొరకక యంత్రం తనకు తానే నంబరు పెట్టుకున్నదన్నమాట. అప్పుడు ముందుగా చూడవలసినది రూటరునూ, అక్కడికి పోయే తీగనూ.

ఇక వేగం. 100 ఎంబీపీఎస్ అంటే సెకనుకు పది కోట్ల బిట్లు. ఎనిమిది బిట్లు ఒక బైటు గనుక, లెక్కకు 12.5 మెగాబైట్లు. గిగాబిట్టు దీనికి పదిరెట్లు. గిగాబిట్టుకు తీగ లోపలి ఎనిమిది సన్నతీగలూ బాగుండాలి. 100కు నాలుగు చాలు. అందుచేత ఒక సన్నతీగ తెగితే నెట్ ఆగకుండానే వేగం 100కు పడిపోవచ్చు. తప్పు తీగది, నింద పెట్టెకు! తీగ పొడవు కూడా 100 మీటర్లు మించకూడదు.

చివరిది లూపు. వేలాడుతున్న తీగ కొస చూసి, ఎవరో మంచి ఉద్దేశంతోనే అదే స్విచ్చిలో గుచ్చుతారు. రెండు కొసలూ ఒకే పెట్టెలో చేరాయి! యంత్రాలు అందరికీ వినబడేలా వేసే కేకను బ్రాడ్‌కాస్టు అంటారు. అది ఊళ్లో దండోరా వంటిది. దారి వలయమైతే ఆ దండోరా ఆగదు. తిరిగినకొద్దీ పెరిగి నెట్‌వర్కంతా స్తంభించిపోతుంది. కొట్టులో బిల్లులు ఆగి ఆ పూట బేరం పోతుంది. దీనికి విరుగుడుగా, అదనపు దారిని మూసి ఉంచే స్పానింగ్ ట్రీ అనే పద్ధతిని 1985లో రేడియా పెర్ల్‌మన్ అనే అమెరికన్ మహిళ కనిపెట్టారు. ఖరీదైన మేనేజ్డ్ స్విచ్చిలలో అది ఉంటుంది. మనం కొనే చౌక అన్‌మేనేజ్డ్ పెట్టెలలో సాధారణంగా ఉండదు. దీపాలన్నీ ఒక్కసారిగా గబగబా మినుకుతూ ఏ పనీ జరగకపోతే, పెట్టె మార్చేముందు ఇటువంటి తీగ ఉందేమో వెదకండి.

కొత్త పెట్టె కొనమని ఎవరైనా చెబితే మూడు ప్రశ్నలు అడగండి. ఆ పోర్టు దీపం వెలుగుతున్నదా? అదే తీగను వేరే పోర్టులో, వేరే తీగను ఇదే పోర్టులో పెట్టి చూశారా? కంప్యూటరుకు ఏ ఐపీ నంబరు వచ్చింది? ఇంటి ఇల్లాలు అడిగినా, బడికి పోయే పిల్ల అడిగినా వీటికి జవాబు చెప్పవలసిందే. పని తెలిసినవాడు విసుక్కోడు. తెలిసినవారి ఇంటికి వచ్చానని సంతోషిస్తాడు.