ఉడాన్‌కు అసలు పరీక్ష నాలుగో ఏడాదే

2017 ఏప్రిల్ 27న సిమ్లాలో ప్రధాని మోదీ ఉడాన్ తొలి విమానానికి పచ్చజెండా ఊపారు. అదే రోజు కడప, నాందేడ్‌ల నుంచి హైదరాబాద్‌కు సర్వీసులు మొదలయ్యాయి. వాటిని నడిపిన ట్రూజెట్ 2015లో హైదరాబాద్ కేంద్రంగా ఎగరడం మొదలుపెట్టిన చిన్న సంస్థ. 2022 ఫిబ్రవరిలో దాని ఏటీఆర్ విమానాలు నేలకు దిగిపోయాయి.

ఇది ఒక్క సంస్థ కథ కాదు. ఉడాన్‌లో కొన్ని సీట్లకు ఛార్జీపై పరిమితి ఉంటుంది; గంట ప్రయాణానికి మొదట్లో అది రూ.2,500. ఆ లోటును పూడ్చే సాయం మూడేళ్లే. పెద్ద సంస్థలు ఒక రూటులో నష్టాన్ని మరో రూటు లాభంతో సర్దుకుంటాయి. చిన్న సంస్థకు ఆ వెసులుబాటు లేదు. ఉన్న కొద్ది విమానాల్లో ఒకటి మరమ్మతుకు వెళ్లినా టైంటేబుల్ తలకిందులే.

2023లో కాగ్ చెప్పిన లెక్క ఇదే: కేటాయించిన 774 రూట్లలో 403 మొదలే కాలేదు. మొదలైన 371లో మూడేళ్లు నిండినవి 112. ఆ తర్వాతా నిలిచినవి 54.

పచ్చజెండాల లెక్క ప్రభుత్వానిది. కడప ప్రయాణికుడికి కావాల్సింది వచ్చే ఏడాదీ ఉండే విమానం. సాయం ఆగాక రూటు ఎలా నిలబడుతుందో కేటాయించే ముందే తేల్చాలి.