బోరు పడకముందే నీళ్ల లెక్క

తొలకరి పడితే చాలు, కర్నూలు జిల్లా తుగ్గలి, జొన్నగిరి, మద్దికెర చేలల్లో జనం వాలిపోతారు. సద్ది కట్టుకుని, చంటిపిల్లల్ని చెట్టునీడన పడుకోబెట్టి, పొద్దుగూకేదాకా నేల మీద చూపు తిప్పకుండా వజ్రాల కోసం వెతుకుతారు. వాన కడిగిన మట్టిలో ఏ రాయి తళుక్కుమన్నా వేలితో గెలికి చూస్తారు. ఒకరిద్దరికి దొరుకుతుంది. ఆ వార్త మర్నాడు పేపర్లో వస్తుంది, ఆ మర్నాడు చేలో ఇంకో వందమంది కనబడతారు.

ఆ చేలకు దగ్గర్లోనే, అనంతపురం జిల్లా వజ్రకరూరు ప్రాంతంలో వజ్రాలకు తల్లిరాయి అయిన కింబర్లైట్ గొట్టాలను భూగర్భ శాస్త్రవేత్తలు ఎన్నో గుర్తించారు. అయినా ఇన్నేళ్లలో అక్కడ ఒక్క వజ్రాల గనీ రాలేదు. ఇక 2023లో హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) అదే జిల్లాలో దంచెర్ల, పెద్దవడుగూరు, రెడ్డిపల్లె, చింతలచెరువు, పులికొండ పరిసరాల సైనైట్ రాళ్లలో అరుదైన మృత్తికల ఖనిజాలను, అంటే రేర్ ఎర్త్స్‌ను, కనుగొన్నట్టు ప్రకటించింది. సెల్‌ఫోన్ నుంచి విద్యుత్ కారు దాకా, గాలిమర నుంచి క్షిపణి దాకా వీటితో పని ఉంది. కానీ ఆ రాయి తళుక్కుమనదు. దాని కోసం ఎవరూ సద్ది కట్టుకుని రారు. అది ఎంత లోతున ఉందో, ఎంత ఉందో బోర్లు వేస్తే తప్ప తెలియదు. తెలిసినా, దానిలోంచి లోహాన్ని గిట్టుబాటుగా విడదీయగలమా అన్నది మరో పరీక్ష.

మన ఖనిజ విధానం తడబడేది సరిగ్గా ఈ రెండు మెట్ల దగ్గరే. ఉందని చెప్పే శాస్త్రం మనకుంది. వేలం వేసే చట్టముంది. కొనడానికి పరిశ్రమ ఉంది. ఈ ముగ్గురూ ఒకే బల్ల దగ్గర కూర్చున్న సందర్భాలు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

కూర్చున్నప్పుడు ఏమవుతుందో తెలుగు నేలకు తెలియనిది కాదు. 1871లో భారత భూగర్భ సర్వే సంస్థ (జీఎస్‌ఐ)కి చెందిన విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గును గుర్తించాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకం హక్కులు పొందింది. 1920లో సింగరేణి కాలరీస్ ఏర్పడింది. ఇల్లెందు బొగ్గు పొరకు ఆయన పేరే పెట్టారు, కింగ్ సీమ్ అని. నాటి వలస పాలన ప్రయోజనాలు వేరు, అందులో అనుమానం లేదు. అయినా ఒక శాస్త్రవేత్త పరిశీలన పదిహేనేళ్లలో తవ్వకం హక్కుల దాకా నడిచింది. జొన్నగిరి బంగారం సంగతి చూడండి. అక్కడ ఆధునిక అన్వేషణ తొంభైలలోనే జరిగింది, మైనింగ్ లీజు వచ్చింది 2013లో. మరో పదేళ్లకు కూడా పూర్తిస్థాయి ఉత్పత్తి మొదలుకాలేదు.

ఆలస్యం ఒక్కటే అయితే సర్దుకుపోవచ్చు. అంతకంటే ఇబ్బంది తొందరతో వస్తోంది. 2020లో కర్ణాటక మండ్య జిల్లాలో 14,100 టన్నుల లిథియం ఉందని వార్తలు వెల్లువెత్తాయి. దేశంలో బ్యాటరీలకు ఇక లోటు లేదన్నంతగా రాశారు. 2021 ఫిబ్రవరిలో ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పిన లెక్క 1,600 టన్నులు. అది కూడా హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే అణు ఖనిజాల డైరెక్టరేట్ (ఏఎండీ) వేసిన ప్రాథమిక అంచనా. 2023 ఫిబ్రవరిలో జమ్మూకశ్మీర్‌లోని రియాసీ వంతు వచ్చింది. 59 లక్షల టన్నులన్నారు. అది లోహం బరువు కాదు, ముడి ఖనిజం బరువు. పైగా అక్కడి లిథియం బాక్సైట్‌తో కలిసిన బంకరాతిలో ఉంది. అలాంటి రాతి నుంచి లిథియాన్ని వాణిజ్యపరంగా తీసిన అనుభవం ప్రపంచంలోనే దాదాపు లేదు. బ్లాకును వేలానికి పెడితే చాలినంతమంది ముందుకు రాలేదు, వేలం రద్దయింది.

ఇక్కడ శాస్త్రవేత్తలది తప్పనడం అన్యాయం. వాళ్ల నివేదికలో ప్రతి అంకె వెనుక దాని అనుమానం కూడా రాసి ఉంటుంది. అన్వేషణకు నాలుగు దశలున్నాయి. జీ-4 అంటే పైపై పరిశీలన, జీ-3 అంటే అక్కడక్కడా బోర్లు వేసి కట్టిన అంచనా. జీ-2, జీ-1 దాకా వెళ్తేనే లెక్క గట్టిపడుతుంది. మనం అనుసరిస్తున్న ఐక్యరాజ్యసమితి వర్గీకరణ ఇంకో అడుగు ముందుకేసి ప్రతి నిక్షేపానికీ మూడంకెల కోడ్ ఇస్తుంది. ఆర్థికంగా గిట్టుబాటవుతుందా అన్నదానికి మొదటి అంకె, తీయడం సాధ్యమేనా అన్నదానికి రెండోది, భూమి లోపలి సంగతి ఎంత రూఢిగా తెలుసన్నదానికి మూడోది. నివేదిక మంత్రిగారి బల్ల మీదికి చేరేసరికి ఆ మూడంకెలూ రాలిపోతాయి, టన్నులు మాత్రం మిగులుతాయి. ఆ టన్నులకు ఆనాటి మార్కెట్ ధర కట్టి లక్షల కోట్లని రాసే అలవాటు మా పత్రికలవాళ్లది. అందులో నేనూ మినహాయింపు కాను.

ఇప్పుడు వేలం సంగతి. 2015లో గనుల చట్టాన్ని సవరించి, ముందొచ్చినవాడికి లీజు అన్న పద్ధతిని తీసేసి వేలం తెచ్చారు. ఇనుప ఖనిజం, సున్నపురాయి, బొగ్గు లాంటి కంటికి కనబడే, కొలత తెలిసిన సరుకుకు వేలం సబబే. ముందొచ్చినవాడికి లీజులిచ్చిన ఆ అక్రమాల కాలం మళ్లీ రావాలని ఎవరూ కోరుకోరు. లోతున దాగిన ఖనిజాలకూ అదే తూకం పెట్టడం దగ్గరే చిక్కొచ్చింది. రాయలసీమ రైతుకు చెప్పనక్కర్లేదు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నీళ్లు చూసేవాడి మాట నమ్మి లక్షలు పోసి బోరు వేయిస్తాడు. పడితే పడింది, లేకపోతే అప్పు. ఆ రైతును ‘బోరు వేసేముందే, పడబోయే నీళ్లలో ముప్పాతిక వంతు మాకిస్తానని రాసివ్వు’ అంటే ఏం చేస్తాడు? 2024లో ఛత్తీస్‌గఢ్‌లోని కట్‌ఘోరా లిథియం, రేర్ ఎర్త్ బ్లాకును గెలుచుకున్న సంస్థ తాను తీసే ఖనిజం విలువలో 76.05 శాతం ప్రీమియంగా ఇస్తానని పాడింది. రాయల్టీ దానికి అదనం. ఖజానాకు అది శుభవార్తలా కనిపించవచ్చు. నాకు మాత్రం అది గని ఎప్పటికైనా తెరుచుకుంటుందా అన్న సందేహాన్నే మిగిల్చింది.

ఢిల్లీకి ఈ సంగతి బోధపడలేదనలేం. 2023 సవరణలో 29 ఖనిజాలకు అన్వేషణ లైసెన్సు తెచ్చారు. వెతికిపెట్టినవాడికి తర్వాత వచ్చే గని ప్రీమియంలో వాటా దక్కుతుంది. తక్కువ వాటా చాలన్నవాడికే లైసెన్సు. మంచి ఆలోచనే. కానీ ఆ వాటా చేతికి రావాలంటే గని పనిచేయాలి, అందుకు పదేళ్లో పదిహేనేళ్లో పడుతుంది. అంతకాలం చిన్న అన్వేషణ సంస్థ ఏ పెట్టుబడితో బతకాలి? కెనడా, ఆస్ట్రేలియాల్లో ఇలాంటి సంస్థలు స్టాక్ మార్కెట్లో డబ్బు పోగేసుకుంటాయి, కనుగొన్న నిక్షేపాన్ని నేరుగా పెద్ద కంపెనీకి అమ్ముకుంటాయి. మన లైసెన్సుదారు నిక్షేపాన్ని ప్రభుత్వం చేతిలో పెట్టి పక్కన నిలబడాలి.

శాస్త్రం, విధానం, పరిశ్రమ నిజంగా కలిసి నడిచిన ఉదాహరణ కడప జిల్లాలోనే ఉంది. అవి ఎక్కడ విడిపోయాయో కూడా అక్కడే కనబడుతుంది. తుమ్మలపల్లె యురేనియం డోలమైట్ రాతిలో ఉంటుంది. జార్ఖండ్‌లోని జాదుగూడ యురేనియం గని పద్ధతిలో ఆమ్లం పోస్తే ఆ సున్నపు జాతి రాయే ఆమ్లాన్నంతా తాగేస్తుంది. అందుకే ఏఎండీ కనిపెట్టిన ఆ నిక్షేపం ఏళ్ల తరబడి కాగితాల మీదే ఉండిపోయింది. భాభా అణు పరిశోధన కేంద్రం వాళ్లు అధిక పీడనంలో క్షార ద్రావణంతో యురేనియాన్ని కరిగించే పద్ధతిని సిద్ధం చేశాక గాని అది గని కాలేదు. 2007లో శంకుస్థాపన, 2012లో శుద్ధి కర్మాగారం. ముందు ప్రయోగశాల, తర్వాత గని అన్న క్రమం ఇది. ఈ వ్యాసంలో నేను అడుగుతున్నది చాలావరకు ఇదే.

అయితే ఆ శాస్త్రం రాయి దగ్గరే ఆగింది, నీటి దాకా రాలేదు. వ్యర్థాల చెరువు పక్కనున్న కొట్టాల రైతులు బోరు నీళ్లు పాడయ్యాయని, అరటి తోటలు దెబ్బతిన్నాయని మొరపెట్టుకున్నారు. గనిని నడిపే సంస్థ తమది తప్పు కాదంది. నిజం తేల్చడం అసాధ్యమేమీ కాదు. గని రాకముందు ఆ బోర్లలో యురేనియం ఎంతుంది, లవణాలెంత, నీళ్లు ఎటు పారుతున్నాయి అన్నవి బయటి సంస్థ ఒకటి కొలిచి పంచాయతీ గోడకు అంటించి ఉంటే సగం గొడవ ఉండేది కాదు. ఆ నమ్మకం లేనందుకే 2019లో ఆమ్రాబాద్‌లో యురేనియం అన్వేషణ అనగానే నల్లమల చెంచులు, పర్యావరణవాదులు, సినిమావాళ్లు ఒక్కటయ్యారు. ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ వ్యతిరేక తీర్మానం చేసింది. గిరిజన ప్రాంతాల్లో గిరిజనేతర ప్రైవేటు సంస్థలకు గనుల లీజులు చెల్లవని సుప్రీంకోర్టు 1997 నాటి సమత తీర్పులో చెప్పడం వెనుకా ఊరి జనాన్ని లెక్కలోకి తీసుకోవాలన్న మాటే ఉంది. భూగర్భ జలాల పరిశోధనను పర్యావరణ అనుమతి ఫైలులో ఒక అనుబంధంగా చూసినంతకాలం ప్రతి గనీ కోర్టు గుమ్మం తొక్కాల్సిందే.

ఇక సముద్రపు ఒడ్డు. ఆంధ్ర తీరపు ఇసుకలో మోనజైట్ ఉంది. ఏఎండీ అంచనాల్లో దేశంలోకెల్లా పెద్ద వాటా ఆంధ్రప్రదేశ్‌దే, దాదాపు 37 లక్షల టన్నులు. మోనజైట్‌లో రేర్ ఎర్త్ ఆక్సైడ్లు 55 నుంచి 60 శాతం దాకా ఉంటాయి. దాంతోపాటు థోరియం ఉంటుంది కాబట్టి అది అణు ఖనిజం. 2019 నుంచి బీచ్ శాండ్ తవ్వకం ప్రభుత్వ సంస్థలకే పరిమితం. 2025 ఏప్రిల్‌లో చైనా ఏడు రకాల రేర్ ఎర్త్స్ మీద, వాటితో చేసే అయస్కాంతాల మీద ఎగుమతి ఆంక్షలు పెట్టగానే మన కార్ల కంపెనీలు గగ్గోలు పెట్టాయి. అప్పుడు అందరి చూపూ మన ఇసుక వైపు తిరిగింది. నిక్షేపం విషయంలో మనం పేదవాళ్లం కాము. లేనిదల్లా ఆక్సైడ్‌ను లోహంగా, లోహాన్ని మిశ్రలోహంగా, దాన్ని అయస్కాంతంగా మార్చే ఆ మధ్య మెట్లు. చైనా ముప్పయ్యేళ్లు కూర్చుని కట్టుకున్నవి అవే. విశాఖలో ప్రభుత్వ రంగ సంస్థ ఐఆర్‌ఈఎల్ అయస్కాంతాల కర్మాగారాన్ని 2023 మేలో జాతికి అంకితం చేశారు. దాని సాంకేతికత భాభా కేంద్రానిది, హైదరాబాద్‌లోని రక్షణ లోహ పరిశోధన ప్రయోగశాల (డీఎంఆర్‌ఎల్)ది. ఇంటి విద్యే. సామర్థ్యం ఏడాదికి 3,000 కిలోలు. అవి సమేరియం-కోబాల్ట్ అయస్కాంతాలు, ప్రధానంగా రక్షణ, అంతరిక్ష అవసరాలకు. కార్లకు కావలసింది నియోడిమియం జాతి. దానికి కలిపే డిస్ప్రోసియం, టెర్బియం మన మోనజైట్‌లో అంతంతమాత్రం. ఇసుక ఉందని గర్వపడే ముందు ఇసుకలో ఏది లేదో కూడా విధానకర్తలకు తెలియాలి.

డబ్బు లేదన్న మాట ఇక చెల్లదు. 2025 జనవరిలో కేంద్రం 16,300 కోట్ల రూపాయలతో జాతీయ కీలక ఖనిజాల మిషన్‌ను ఆమోదించింది. 2030-31 నాటికి జీఎస్‌ఐ 1,200 అన్వేషణ ప్రాజెక్టులు చేపట్టాలన్నది లక్ష్యం. గనుల లీజుదారులు రాయల్టీ మీద అన్వేషణ ట్రస్టుకు కట్టే వాటాను అదే ఏడాది 2 నుంచి 3 శాతానికి పెంచారు. మిషన్ కింద ఎంపికైన తొమ్మిది పరిశోధన కేంద్రాల్లో మూడు, ఐఐటీ హైదరాబాద్, ఎన్‌ఎఫ్‌టీడీసీ, సీ-మెట్, హైదరాబాద్ చుట్టుపక్కలే ఉన్నాయి. ఎన్‌జీఆర్‌ఐ, ఏఎండీ, జీఎస్‌ఐ శిక్షణ సంస్థ, ఎన్‌ఎండీసీ, అణు ఇంధన సముదాయం, మిధానీ కూడా అక్కడే. రాయి గుర్తించడం నుంచి లోహం పోతపోయడం దాకా ఒక్క ఊళ్లో ఇన్ని సంస్థలున్న చోటు దేశంలో ఇంకోటి చెప్పడం కష్టం. వీటి మధ్య దూరం ఒక పూట ప్రయాణం కూడా కాదు. ఒకరి శాంపిల్ ఇంకొకరి బల్ల మీదికి రావాలంటే మాత్రం ఫైలు మంత్రిత్వ శాఖలన్నీ చుట్టి రావాలి. అణు ఇంధనం ఒక శాఖ, గనులు ఒకటి, సీఎస్‌ఐఆర్ మరొకటి, రక్షణ ఇంకొకటి.

రాష్ట్రాల గనుల శాఖలకు వస్తే, వాటి దృష్టంతా పర్మిట్లు, ఇసుక, సీనరేజీ వసూళ్ల చుట్టూనే. ఆంధ్రప్రదేశ్‌లోని మంగంపేట బెరైటీస్ ఉదాహరణ చాలు. ప్రపంచంలోనే అతిపెద్దదిగా పేరున్న నిక్షేపం, 7 కోట్ల టన్నులకు పైబడింది. ఇన్ని దశాబ్దాల తర్వాతా ఎక్కువభాగం చమురు బావుల డ్రిల్లింగ్ కోసం రాయిగానో, పొడిగానో ఓడ ఎక్కుతోంది.

అడగదలచినవి పెద్ద కోరికలేం కావు. ఏ నిక్షేపం గురించి ప్రకటన చేసినా దాని దశ, మూడంకెల కోడ్ టన్నులంత పెద్ద అక్షరాల్లోనే చెప్పాలి. ఏ కీలక ఖనిజపు బ్లాకునైనా వేలానికి పెట్టేముందు, అక్కడి రాతి నుంచి లోహం వస్తుందో లేదో, ఎంత ఖర్చవుతుందో తేల్చే శుద్ధి పరీక్ష నివేదిక జతచేయాలి. దాని ఖర్చు అన్వేషణ ట్రస్టు భరించాలి. బోర్లలో తీసిన రాతి కోర్లు విశ్వవిద్యాలయాల విద్యార్థులకు, చిన్న సంస్థలకు తెరిచి ఉంచాలి. ఊరి బోర్ల నీటి పరీక్షలు మొదటి డ్రిల్లింగ్ యంత్రం రాకముందే జరగాలి.

మిషన్ గడువు 2030-31తో ముగుస్తుంది. ఈ ఏడాది డ్రిల్లింగ్ మొదలైన బ్లాకు అప్పటికి గని కాదు, ఆ ఆశ పెట్టుకోవద్దు. ఆ రాయి పనికొస్తుందో రాదో అప్పటికి తేల్చిచెప్పగల ప్రయోగశాలలు మాత్రం హైదరాబాద్‌లో ఇవాళే ఉన్నాయి. గనుల మంత్రిత్వ శాఖ వేలం నోటిఫికేషన్ కంటే ముందు శాంపిళ్లను అక్కడికి పంపాలి. దంచెర్ల రాయితో మొదలుపెట్టవచ్చు.